కొసరు కంచె

గున్నమ్మ ఆ రోజు కరేపాకు వెయ్యలేదు.

ఇదీ ఒక వార్తేనా అంటారేమో. నీలాలపేటలో వార్తే. గున్నమ్మ అంటే ఎవరనుకున్నారు? బేరం దగ్గర ఆడపులి. వంకాయ మీద ఈగ వాలితే ఈగని కూడా తూచే రకం. కానీ తూకం అయ్యాక, సంచీ మూతి ముడిచేలోపు, గుప్పెడు కరేపాకూ రెండు పచ్చిమిరపకాయలూ అందులో పడెయ్యకపోతే ఆవిడకి తోచేది కాదు. "కొసరు లేని బేరం బేరమేటమ్మా? ఇంటికెళ్ళాక నీ పోపు నన్ను తిట్టదా?" అనేది. అలాంటి మనిషి తక్కెడ ముల్లు నిటారుగా నిలబడేదాకా చూసి, ఒక పెద్ద బెండకాయ తీసి చిన్నది వేసి, సంచీ చేతికిచ్చి ఊరుకుంది.

పైడికుమారి సంచీ తెరిచి పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏటమ్మా?" అంది గున్నమ్మ.

"కరేపాకు..."

"కావాలా? ఎంత తూచమంటావు?"

ఆ గొంతులో కోపం లేదు, విసుగు లేదు. ఉంటే బాగుండును. పోట్లాడి తెచ్చుకునేది. గున్నమ్మ మామూలుగానే చూస్తోంది, అడిగింది ఇద్దామనే చూస్తోంది. అంతకు మించి ఆ మొహంలో ఏమీ లేదు. పైడికుమారికి ఎండలో నిలబడి కూడా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

ఆమె ఎర్రకొండ మీది ప్రయోగశాలలో శాస్త్రవేత్త. అక్కడ కొసరు అనే మాటకి ఇంకో అర్థం ఉంది. పెట్టింది వాళ్ళ డైరెక్టరు కామేశం గారు. హైడ్రోజన్ పరమాణువుకి ఉండేది ఒక్కటంటే ఒక్క ఎలక్ట్రాన్. ప్లాస్మా గదిలో, ఆ వెలిగే వాయువులో, దానికి ఇంకో ఎలక్ట్రాన్ అంటుకుంటే రుణ అయాను అవుతుంది. ఆ రెండోది దాని వాటా కాదు, ఊరికే వచ్చింది. అందుకే పట్టు కూడా అంతంతమాత్రం. పక్కనుంచి వేడి ఎలక్ట్రాన్ ఒకటి దూసుకొచ్చి తగిలితే చాలు, ఊడిపోతుంది. "అసలు గట్టి పిండం, కొసరు గాజు బొమ్మ. మన ఉద్యోగాలన్నీ కొసరు కాపలాయేనమ్మా" అనేవారు కామేశం గారు. అని, నవ్వేవారు. ఆయన మాటకి చివర నవ్వు ఉండాల్సిందే. చావు కబురు చెప్పినా ఆ నవ్వు రాబోయి ఆగేది.

ఆ కాపలాకి పైడికుమారి కట్టిందే కంచె. కర్రలూ ముళ్ళూ కాదు, అయస్కాంత క్షేత్రం. గదికి అటూ ఇటూ నిలబెట్టిన అయస్కాంతాల మధ్య కంటికి కనబడని గోడ. వేడెక్కి పరుగులు పెట్టే ఎలక్ట్రాన్లు దాని దగ్గరికొచ్చి మొహం తిప్పుకుని వెనక్కి పోతాయి. చల్లబడి నిదానంగా నడిచేవి మాత్రం ఇవతలికి జారుకుంటాయి. ఇవతలంతా శాంతం. ఆ శాంతంలో కొసరు నిలుస్తుంది. అలాంటి అయాన్లని కుప్పలుగా పోగేసి తోస్తే, సూర్యుడిలో మండే కొలిమిని నేల మీద వెలిగించవచ్చని అందరి ఆశ. ఎక్కడ ఎవరు చేసినా కొసరు రెప్పపాటులో ఊడిపోతోంది. పైడికుమారి అయస్కాంతాల వరస మార్చి మార్చి, పెళ్ళికి ముందు మొదలెట్టిన పని వైధవ్యం వచ్చాక కూడా వదలకుండా చేసి, ఈమధ్యే ఒక అమరిక కనిపెట్టింది. అందులో కొసరు ఊడటం మానేసింది.

ఊడకపోతే సంతోషమే. కానీ అది పెరిగింది. లోపలికి పంపిన ఎలక్ట్రాన్లకంటే, అయాన్లు పట్టుకుని కూర్చున్న కొసర్లు ఎక్కువ. బిందెలో పోసిన నీళ్ళకంటే తోడిన నీళ్ళు ఎక్కువైతే ఎవరికైనా భయం వేస్తుంది కదా. "ఎక్కడినుంచి వస్తున్నాయండీ ఇవి?" అని అడిగింది ఆమె.

"కొసరొచ్చినప్పుడు ఎక్కడిదని అడక్కూడదమ్మా, కళ్ళకద్దుకోవాలి" అని కామేశం గారు నవ్వారు.

అప్పటికి అది ఆయన ఆఖరి నవ్వు. గున్నమ్మ కరేపాకు వెయ్యని మర్నాడు, పైడికుమారి ఆయన గదికి వెళ్ళి కొత్త ఫలితాలు చెప్తే, "బాగున్నాయి" అన్నారు. ఆమె నవ్వు కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఆయన ఇంకా ఎందుకు నిలబడ్డావన్నట్టు చూశారు.

ఆ తర్వాత ఆమె ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఊరిని చూడటం మొదలెట్టింది. టీ కొట్టు సింహాచలం గ్లాసు గీత దగ్గర ఆపేస్తున్నాడు. పైనుంచి ధార పోసి, చివర్న ఒక చుక్క విదిలించే సరదా పోయింది. బస్సు కదిలాక వీధి మలుపు దాకా చెయ్యూపే వాళ్ళు, ఇప్పుడు బస్సు కదలగానే చెయ్యి దించేస్తున్నారు. ఇంటికొచ్చిన చుట్టం గుమ్మం దిగుతూ "వెళ్ళొస్తాను" అనడం లేదు. "వెళ్తాను" అంటున్నాడు. తప్పేముంది, వెళ్తున్నాడు కాబట్టి వెళ్తానన్నాడు. కానీ మన వైపు ఆ మాట అంటే గింటే, నోరుంటే, ఒక్క శవమే అనాలి. బతికున్నవాడు "ఒస్తా" తగిలించకుండా గుమ్మం దాటడు. ఊరు ఊరంతా ఆ తోక తెంపేసుకుని తిరుగుతోంది, ఒక్కడికీ తెలియడం లేదు.

అన్నిటికంటే ఆమెని బెదరగొట్టింది పక్కింటి బాలింత. ఉయ్యాల ఊపుతూ జోల పాడుతోంది. బిడ్డకి నిద్ర పట్టిన క్షణాన పాట ఆగిపోయింది. పదం మధ్యలో, అక్షరం నోట్లో ఉండగానే. తాడు వదిలేసి లేచి వెళ్ళిపోయింది. నిద్రపోయిన బిడ్డకి పాటెందుకు?

చెప్పుకోవాలి, ఊళ్ళో తగువులు లేవు. తీసుకున్నవన్నీ తిరిగొస్తున్నాయి. ఎదురింటావిడ ఎప్పుడో పండక్కి పట్టుకెళ్ళి మరిచిన ఇడ్లీ రేకులు తోమి తెచ్చి ఇచ్చి, "మీవి" అని చెప్పి వెళ్ళిపోయింది. ఇచ్చిన మాట ఎవరూ తప్పడం లేదు. బాకీ ఉన్నదంతా అణాపైసలతో తీరుస్తున్నారు. బాకీ లేనిది మాత్రం ఎవరూ ఎవరికీ ఇవ్వడం లేదు.

ఒక పొద్దున అయస్కాంతాలని చల్లబరిచే నీళ్ళ గొట్టం శుభ్రం చెయ్యాలని కంచెకి కరెంటు తగ్గించారు. కొసర్ల లెక్క గబగబా పడిపోయింది. పైడికుమారి ఏదో అనుమానంతో కొండ దిగి వచ్చింది. గున్నమ్మ కేకేసి పిలిచి ఒళ్ళో రెండు గుప్పిళ్ళ కరేపాకు పోసింది. "ఏటోనమ్మా, పొద్దుట్నించీ ఎవరికైనా ఏదైనా పెట్టాలనిపిస్తంది" అంది, తడి కళ్ళతో. పక్కింటి బాలింత నిద్రపోయిన బిడ్డ మీద వంగి పాడుతూనే ఉంది. పైడికుమారి కిటికీ దగ్గర నిలబడి వింది. కొండ మీద మళ్ళీ కరెంటు పెంచే వేళకి, ఆమె వింటూ ఉండగానే, ఆ పాట కత్తిరించినట్టు ఆగిపోయింది.

ఎలక్ట్రాన్ ఒకటీ, కరేపాకు ఒకటీనా అని తర్కం అడుగుతుంది. ఆమెకీ జవాబు తెలియదు. తెలిసింది ఒక్కటే. ఆమె కంచెకి పట్టు తక్కువగా ఉన్నదాన్ని పట్టి ఉంచడం నేర్పింది. ఎవరి చేతిలోంచి లాగుతోందో చూసుకోవడం నేర్పలేదు.

అప్పుడే ఆపెయ్యొచ్చు కదా? అదే మరి! ఆపితే గది గోడలు చల్లబడతాయి, వాటికి పూసిన సీజియం లోహపు పూత చెడుతుంది, ఆ అమరిక మళ్ళీ కుదురుతుందో లేదో బ్రహ్మకి కూడా తెలియదు. పైగా ఢిల్లీ నుంచి నిపుణుల సంఘం వస్తోంది. వాళ్ళు ఒక్కసారి కళ్ళారా చూసి వెళ్తే చాలు, ఆ తర్వాత తనే ఆపేస్తుంది. ఒక్క వారం. ఇంకొక్క వారం. ఊరికంతా కొసరు పోగొట్టిన మనిషి, తనకి మాత్రం కాలాన్ని కొసరు అడిగింది.

ఆ సాయంత్రం ఝాన్సీకి అన్నం పెట్టింది. ఒక గరిటె వేసి, గిన్నె మీద మూత పెట్టేసింది.

ఝాన్సీకి పదేళ్ళు. పైడికుమారి భర్త దాలినాయుడికి మొదటి భార్య కన్న పిల్ల. ఆ తల్లి ఏనాడో పోయింది. దాలినాయుడు కూడా జ్వరమొచ్చి పోయాక, ఈ ఇద్దరూ మిగిలారు. రక్తం కలవదు. ఏ కోర్టూ ఒప్పజెప్పలేదు. పిల్లకి బొబ్బిలిలో మేనమామ ఉన్నాడు, హక్కంటే ఆయనదే. ఆయన ఏటా ఒకసారి వచ్చి, "మా మేనగోడల్ని పంపిస్తావేటమ్మా?" అని మర్యాదకి అడిగేవాడు. "నా ప్రాణం పోయినా పంపను, ముందు కాఫీ తాగండి" అనేది పైడికుమారి. ఆయనకి కావలసింది కూడా ఆ జవాబే. గుండె నిమ్మళించి కాఫీ తాగి వెళ్ళొస్తానని వెళ్ళేవాడు. అంటే ఆ పిల్ల మీద ఈమెకున్నది అణువణువూ కొసరే. బాకీ అన్నది రవ్వంత కూడా లేదు.

ఝాన్సీ అది తినేసి, ఖాళీ కంచం ముందు కూర్చుని చూస్తోంది. రోజూ "చాలు పిన్నీ" అనడం, "నోర్ముయ్యవే రాణీ, చిక్కి సగమైపోయావు" అని ఈమె ఇంకో గరిటె కుమ్మరించడం వాళ్ళ ఆచారం. ఈ రోజు పిల్ల "చాలు" అనడానికి సిద్ధంగా ఉంది. అనే అవసరం రాలేదు.

"పిన్నీ, కోపమొచ్చిందా?"

"లేదే, కడుపు నిండింది కదా" అంది పైడికుమారి. అన్నాక ఆ మాట తన చెవిన పడింది. గున్నమ్మ మొహం ఇప్పుడు తన మొహమ్మీద ఉంది. కంచెకి ఊళ్ళో అందరికంటే దగ్గరగా ఉండేది తనే. ఇన్నాళ్ళు ఎలా ఆగిందో అదే విడ్డూరం.

ఆమె గిన్నె కింద పెట్టి పిల్లని వాటేసుకుంది. పట్టు ఇంకా ఉంది, కానీ సడలుతోంది. ఆ సడలడం ఆమెకి తెలుస్తోంది. రేపో ఎల్లుండో ఈ భయం కూడా ఉండదు. భయం పోయాక కంచె ఆపాలని ఎందుకు అనిపిస్తుంది? అప్పుడు ఆమెకి ఎదురింటావిడ ఇడ్లీ రేకులు గుర్తొచ్చాయి. కొసరు పోయినవాళ్ళు కూడా బాకీ ఎగ్గొట్టరు.

"రాణీ, ఇటు చూడు. ఏదో ఒక రోజు నేను నిన్ను పరాయిదానిలా చూస్తాను. అరవను, కొట్టను. మంచిగానే ఉంటాను. అంతే ఉంటాను. ఆ రోజు నువ్వు 'ఒట్టు' అని అడుగు. కొండ మీద కంచె ఆపేస్తాను." పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నీ మీద ఒట్టు."

ఝాన్సీకి సగమే అర్థమైంది. కానీ గున్నమ్మ దగ్గర బేరం నేర్చిన పిల్ల అది. "ఒక్కటేనా? ఇంకోటి కూడా వెయ్యి. రోజూ రెండో గరిటె పెడతానని."

"గడుసుదానా! అదీ ఒట్టే. ఎప్పటికీ."

నిపుణుల సంఘం వచ్చింది. గాజు కిటికీలోంచి గులాబీ రంగులో నిలకడగా వెలుగుతున్న ప్లాస్మాని చూసింది. అంకెలు చూసింది. అందరూ చప్పట్లు కొట్టి, ఒకేసారి ఆపారు. "వెళ్తాం" అని వెళ్ళిపోయారు. కామేశం గారు అభినందించారు. పైడికుమారి ఇన్నాళ్ళూ ఎదురుచూసిన రోజు అది. ఆమెకి సంతోషం ఎంత కావాలో అంతే కలిగింది. వాళ్ళు వెళ్ళాక ఆపేద్దామనుకున్న సంగతి ఆమెకి గుర్తుంది. ఆపడానికి కారణమే తోచలేదు. సాయంత్రం రెండో గరిటె ఒట్టు ప్రకారం పెట్టింది, "రాణీ" అని మాత్రం పిలవలేదు. అది ఒట్టులో లేదు.

ఝాన్సీకి తెలుస్తూనే ఉంది. కానీ "ఒట్టు" అనేస్తే ఉన్న ఒక్క ఆసరా కాస్తా ఖర్చయిపోతుందని పిల్ల భయం. ఒక రోజు చూద్దాం, ఇంకో రోజు చూద్దాం అని లోపలే దాచుకుంది.

అప్పుడు బొబ్బిలి నుంచి మేనమామ అప్పలసూరి వచ్చాడు. దూరంనుంచి వచ్చిన మనిషి, ఆయన కొసరు ఆయన దగ్గర క్షేమంగా ఉంది. ఒక చేతిలో జంతికల డబ్బా, ఇంకో చేతిలో పిల్లకి గాజులు. కూర్చుని చెమట తుడుచుకుని ఎప్పటిలాగే అడిగాడు. "ఏటమ్మా, ఈ ఏడైనా మా మేనగోడల్ని పంపిస్తావా?"

"తీసుకెళ్ళండి" అంది పైడికుమారి.

అప్పలసూరి నవ్వబోయి ఆగాడు. "ఏటన్నావు?"

"హక్కు మీది కదా. బట్టలు సర్దుతాను." లేచి లోపలికి వెళ్ళి, ఝాన్సీ గౌన్లు మడతలు పెట్టడం మొదలెట్టింది. మడతలు చక్కగా కుదిరాయి. ఏదీ మరిచిపోలేదు. చిన్నప్పటి బొమ్మ ఒకటి అటకమీద ఉంటే అది కూడా దించి, దుమ్ము దులిపి సంచీలో పెట్టింది. ఎందుకంటే అది పిల్లది.

"అమ్మా, నానేదో మాటవరసకి అడిగితే..." అప్పలసూరి గుమ్మంలో నిలబడి చెమటలు కక్కుతున్నాడు. "అలాగనేసినావేటమ్మా? ఒంట్లో బాగోలేదా? పిల్ల మీద కోపమా?"

"కోపమెందుకు? మంచి పిల్ల."

మంచి పిల్ల అట! ఈమెకి ఏ గాలో సోకిందనుకుని అప్పలసూరి మెళ్ళో తాయెత్తు పట్టుకున్నాడు.

ఝాన్సీ గోడకానుకుని అంతా చూస్తోంది. ఏడవలేదు. దగ్గరికి వచ్చి, పైడికుమారి చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"పిన్నీ. ఒట్టు."

పైడికుమారి చేతిలో గౌను మంచం మీద పెట్టింది. "అవును, ఒట్టుంది" అంది. బాకీ గుర్తొచ్చిన మనిషిలా చెప్పులేసుకుంది.

ఇద్దరూ కొండ ఎక్కారు. వెనకాల అప్పలసూరి, రొప్పుతూ. కంచె ఆపాలంటే డైరెక్టరు తాళం కూడా కావాలి. కామేశం గారు ఎండుటాకులా కూర్చుని ఉన్నారు.

"కంచె ఆపాలండీ" అంది పైడికుమారి.

"ఎందుకు? బాగా నడుస్తోంది కదా."

"మాటిచ్చాను."

"ఎవరికి?"

"ఈ పిల్లకి."

ఆయన ఝాన్సీని చూశారు. లోకమంతా ఎదురుచూసే కొలిమి ఒక పక్క, పదేళ్ళ పిల్లకిచ్చిన మాట ఒక పక్క. మామూలు మనిషైతే మండిపడి, బతిమాలి, కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఆయనకి అవేమీ మిగల్లేదు. "మాటిస్తే తీర్చాలి మరి" అని తాళం తీసి ఇచ్చారు.

కరెంటు మెల్లగా దించాలి. ఆమె దించింది. కిటికీ అవతల గులాబీ వెలుగు ఊగింది, పలచబడింది. కంచె సడలుతుంటే లోపల పోగైన కొసర్లు ఒక్కటొక్కటే ఊడుతున్నాయి. ముందు కరేపాకు వాసన వచ్చింది, మూసిన గదిలో, ఇనుమూ నూనే తప్ప మరేమీ లేని చోట. తర్వాత ఒక కూనిరాగం వచ్చింది, పాటకి తోక మాత్రమే, పాట లేదు. ఆ వెనకే మాటలు, గొంతులు లేని మాటలు, చెవి పక్కనుంచి దూసుకుపోతూ. ఇంకొంచెం వేసుకో. ఉండు, అప్పుడే ఏం తొందర. ఒస్తా, ఒస్తా, ఒస్తా. ఊరి జనమంతా ఆ గదిలోంచి తోసుకుంటూ గుమ్మం దాటుతున్నట్టుంది, కంటికి ఒక్కరూ లేరు. అప్పలసూరి కళ్ళు మూసుకుని దండాలు పెడుతున్నాడు. ఝాన్సీ పిన్ని చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

వెలుగు ఆరిపోయింది. కామేశం గారు ఒక్కసారిగా ఊపిరి పీల్చి, నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. "పాతికేళ్ళ పని కదమ్మా, పోయింది కదమ్మా" అని బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. ఆ నవ్వూ ఏడుపూ రెండూ ఆయనకి తిరిగొచ్చాయి.

పైడికుమారి తన వంతు కోసం చూసింది. గది చల్లబడింది. గోడలు చిటపటమంటూ ముడుచుకున్నాయి. అందరివీ వెళ్ళిపోయాయి. ఆమెది రాలేదు.

తర్వాత కామేశం గారు అన్నారు, అందరికంటే దగ్గరగా ఉన్నావు, లోతుగా లాగి ఉంటుంది, గోడల పూతలోకి ఇంకిపోయి ఉంటుంది, అని. ఆయనకీ ఊహే. చెయ్యి పట్టుకుని క్షమించమన్నారు. "మీ తప్పేం లేదండీ" అంది ఆమె, ఎంత కావాలో అంత మాటే.

కిందకి దిగాక అప్పలసూరి సంచీలోంచి గౌన్లు తనే తీసి మంచం మీద పెట్టాడు. "పిల్ల ఇక్కడే ఉంటాదమ్మా" అన్నాడు. ఆమె సరేనంది. ఆయన గుమ్మం దిగి, "ఎల్లొస్తానమ్మా" అని వెనక్కి తిరిగి చూశాడు. "వెళ్ళండి" అంది. ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఊరికి మాత్రం పండగే. గున్నమ్మ కరేపాకు మండలు మండలుగా పంచింది. సింహాచలం టీ గ్లాసు పొంగి పొర్లించాడు. తగువులు కూడా తిరిగొచ్చాయి, ఇడ్లీ రేకులు మళ్ళీ ఎదురింటికి వెళ్ళాయి, తిరిగి రాలేదు.

ఆ ఒక్క ఇంట్లో రోజూ కంచంలో రెండో గరిటె పడుతోంది, ఒట్టు ప్రకారం. ఝాన్సీ "చాలు పిన్నీ" అంటుంది. ఈమె రెండోది పెట్టి, మూత వేస్తుంది. ఆ రెండో గరిటెలో ప్రేమ లేదని పిల్లకి తెలుసు. అయినా ప్రేమ ఉన్న రోజున తన కోసం కట్టి పెట్టిన మూటలోదే ఇది అనుకుని తింటుంది. వానలు పోయాయి, చలి వచ్చింది, చలి కూడా పోవస్తోంది.

ఒక మధ్యాహ్నం, ఆదివారం, వంకాయ కూర. రెండో గరిటె పెట్టి పైడికుమారి మూత చేతిలోకి తీసుకుంది. తీసుకుని ఆగింది. మూత పక్కన పెట్టింది. గరిటె మళ్ళీ గిన్నెలో ముంచి, పిల్ల కంచంలో వేసింది.

"పిన్నీ," అంది ఝాన్సీ చిన్నగా, "ఒట్టు రెండుకే."

పైడికుమారి చేతిలో గరిటెని అదెవరిదో అన్నట్టు చూసింది. చాలాసేపు చూసింది.

"తెలుసు," అంది. "తినవే."

ఇంకేమీ అడగలేదు ఝాన్సీ. గట్టిగా ఊపిరి వదిలితే ఊడిపోతుందేమోనని భయం. ఆ పిల్లకి కడుపు ఎప్పుడో నిండిపోయింది. అయినా తల వంచుకుని, మెతుకు మిగల్చకుండా మూడో గరిటె అన్నం తింది.